ముప్పై ఒకటో ఏట నర్సింగా?

మా అబ్బాయి 2023 సెప్టెంబరులో ఏడు వారాలు ముందే పుట్టేశాడు. 33 వారాలు నిండాయి, బరువు 1,620 గ్రాములు. డాక్టరమ్మ ఆ అంకెలు చెప్పగానే నాకు ఏడుపు రాలేదు. పీ07.36, పీ07.16 అని రెండు కోడ్లు గుర్తొచ్చాయి, మొదటిది వారాలకు, రెండోది బరువుకు. అప్పటికి ఆరేళ్లుగా హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తున్నాను. అమెరికాలో ఎవరో ఆసుపత్రిలో చేరితే, ఆ కేసు షీటు చదివి జబ్బుకో కోడు, చేసిన వైద్యానికో కోడు వేయడం నా ఉద్యోగం. నెలలు నిండని పిల్లల చార్టులు వందల్లో చూసుంటాను. ఆ పిల్లల్లో ఒక్కరినీ చూసింది లేదు.

వాడు పదిహేడు రోజులు ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో ఉన్నాడు. మొదటి నాలుగు రోజులూ నాతో చేతులు కడిగించి, గౌను వేయించి, వాణ్ని ఉంచిన ఇంక్యుబేటర్ పెట్టె పక్కన రెండు నిమిషాలు నిలబెట్టి పంపేసేవాళ్లు. రాత్రి డ్యూటీకి ఒక సిస్టర్ వచ్చేది. మహబూబాబాద్ దగ్గర ఊరట, నాకంటే నాలుగైదేళ్లు చిన్నదే. మొదట్లో మేడమ్ అనేది, మూడో రోజుకు అక్కనయ్యాను. పాలు పిండడం నాకు నేర్పింది ఆమే. మూడు గంటలకోసారి, అర్ధరాత్రయినా సరే. మొదటిసారి రెండు మిల్లీలీటర్లు కూడా రాలేదు. ఆ చుక్కల్నే సిరంజిలోకి పీల్చి, "చాలక్కా, వాడి పొట్ట ఇప్పుడు ఎంతని!" అంది. మా అమ్మ ఖమ్మం నుంచి వెండి ఉగ్గుగిన్నె పట్టుకొస్తే సిస్టర్ నవ్వి, వాళ్ల వార్డులో వాడే స్టీలుది తీసి చూపించింది. వాళ్లు దాన్ని పలాడై అంటారట. ఆకారం మాత్రం అచ్చం మన ఉగ్గుగిన్నే.

ఐదో రోజు వాణ్ని నా ఛాతీ మీద పడుకోబెట్టింది. మధ్యలో గుడ్డ లేకుండా, కాళ్లు కప్పలా ముడిచి, తల ఒక పక్కకు తిప్పి. కంగారూ కేర్ అనే మాట చార్టుల్లో ఎన్నిసార్లు చదివానో! ఇదన్నమాట అనుకున్నాను. గంట కదలొద్దంటే గంటన్నర కదల్లేదు. ఎనిమిదో రాత్రి అలా పడుకోబెట్టుకుని ఉండగానే వాడు ఊపిరి ఆపేశాడు. నాకు తెలియనే లేదు. మానిటర్ మోగేలోపే ఆమె అవతలి మూల నుంచి వచ్చి అరికాలి మీద వేలితో టకటకా రెండు దెబ్బలు వేసింది. వాడు ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి తీశాడు. ఏమైంది సిస్టర్ అంటే, "రంగు మారిందక్కా" అని, వెళ్లి పక్క పెట్టెలో పాపకు డయపర్ మార్చుకుంటూ కూర్చుంది. ఇలా ఊపిరి ఆగడాన్ని ఆప్నియా అంటారని నాకు తెలుసు. దాని కోడు నోటికొచ్చు. నా ఛాతీ మీద ఉన్న బిడ్డకు అది వచ్చిందని మాత్రం తెలుసుకోలేకపోయాను.

ఆ రాత్రే నర్సునవ్వాలని నిర్ణయించుకున్నానని చెబితే కథ బాగుంటుంది కానీ, అలా జరగలేదు. ఆ రాత్రి నేను చేసిందల్లా ఏడవడమే.

ఇంటికొచ్చాక, డిసెంబరు, జనవరి రోజుల్లో పాలిచ్చేటప్పుడు ఫోనులో అవీ ఇవీ చూస్తూ నర్సింగ్ కోర్సుల మీద పడ్డాను. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో కొత్తగా ఎంపికైన స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చారు. దాదాపు ఏడు వేల మంది. ఒళ్లో పిల్లాడితో టీవీలో చూస్తూ, "ఏవండీ, నేను కూడా ఇది చదివితే?" అన్నాను. మా ఆయన ఒక ప్రైవేటు బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేస్తారు. ఎవరేమడిగినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఎన్నేళ్లు? నెలకెంత?"

ఎన్నేళ్లన్నది తెలుసుకోవడం తేలికే. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, చివర్లో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అందులోనే. జీఎన్‌ఎం చేశాక కావాలంటే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి డిగ్రీ తెచ్చుకోవచ్చు. బీఎస్సీకైనా జీఎన్‌ఎంకైనా చేరేటప్పటికి 35 ఏళ్లు దాటకూడదు. నాది ఇంటర్ బైపీసీ. ఒకప్పుడు ఎంసెట్ రాసి, రాని ర్యాంకును తల్చుకుని నెల రోజులు అన్నం మానేసి, బీఎస్సీ మైక్రోబయాలజీలో చేరినదాన్ని. జీఎన్‌ఎంకు అసలు బైపీసీయే ఉండాలని లేదు, ఇంటర్‌లో 40 శాతం ఉంటే ఏ గ్రూపు వాళ్లయినా చేరొచ్చు. అప్పటికి నాకు ఇరవై తొమ్మిది నిండాయి. అంటే ఇంకా ఐదేళ్ల పైచిలుకు టైముంది. ఈ లెక్క తెలిశాక కాస్త ఊపిరాడింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు అన్న టెన్షన్ పోయింది.

తేలనిది రోజువారీ లెక్క. కాలేజీలకు ఫోన్ చేస్తే కొన్నిచోట్ల హాస్టల్ తప్పనిసరి అన్నారు, ఇంకొన్నిచోట్ల పెళ్లయినవాళ్లయితే ప్రిన్సిపల్ ఇష్టం అన్నారు. తరగతులకు 80 శాతం హాజరు ఉండాలి. వార్డు పోస్టింగులకైతే నూటికి నూరూ ఉండాలి, తప్పినవి తర్వాతైనా చేసి పూర్తి చేయాల్సిందే. వార్డు అంటే పొద్దున్నే ఏడున్నరకల్లా బస్సులో ఉండాలి. కొన్ని వారాలు సాయంత్రం షిఫ్టు, కొన్ని రాత్రులు. పిల్లల వార్డు, కాన్పుల వార్డు, ఊళ్లలో కమ్యూనిటీ పోస్టింగు, మానసిక వైద్యానికి ఎర్రగడ్డ. ఇవన్నీ తిరగాలి. రాత్రి రెండుసార్లు పాలకు లేచే పిల్లాడిని పెట్టుకుని ఇదెలా?

సరిగ్గా అప్పుడే ఒకాయన తగిలాడు. ఎక్కడో నా నంబరు ఇచ్చి ఉంటాను, వాట్సాప్‌లో మెసేజీ పెట్టాడు. పక్క రాష్ట్రంలో కాలేజీ. మూడేళ్లకూ కలిపి నాలుగున్నర లక్షల ప్యాకేజీ. "అటెండెన్స్ సంగతి మేం చూసుకుంటాం మేడమ్. ఎగ్జామ్స్‌కి, ప్రాక్టికల్స్‌కి వస్తే చాలు. చంటిపిల్లల తల్లులు మా దగ్గర చాలామంది చేస్తున్నారు."

దాచుకోవడం ఎందుకు, రెండు రోజులు సీరియస్‌గా ఆలోచించాను. ఇంట్లోనే ఉండొచ్చు, ఉద్యోగం వదలక్కర్లేదు, పిల్లాడు చేతుల్లోనే ఉంటాడు, మూడేళ్లకు సర్టిఫికెట్. మా ఆయన కూడా క్యాలిక్యులేటర్ తీశారు. ఎందుకైనా మంచిదని పిన్నికి ఫోన్ చేశాను. పిన్ని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరైంది. నేను చెప్పిందంతా విని, "మరి నరానికి క్యాన్యులా సూది వేయడం ఎవరి మీద నేర్చుకుంటావే, ఇంట్లో దిండుకు వేస్తావా?" అంది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. ఆ వాట్సాప్ మనిషి నంబరు బ్లాక్ చేశాను. ఆయన దగ్గర నిజంగానే చంటిపిల్లల తల్లులు అంతమంది చేరుతుంటే, వాళ్లందరూ రేపు ఏదో ఒక వార్డులో ఉంటారు కదా అన్న ఆలోచన మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఆ ఏప్రిల్‌లో పిల్లాడిని తీసుకుని వరంగల్ వెళ్లాం. పిన్ని వాణ్ని ఎత్తుకోగానే మాడు తడిమి చూసి, అరికాళ్లు ముట్టుకుని, గోళ్లు చూసి, ఆ తర్వాత గానీ ముద్దు పెట్టలేదు. రాత్రి డాబా మీద కూర్చున్నాక అడిగింది, ఎందుకు చేరాలనుకుంటున్నావని. నేను ఎన్‌ఐసీయూ కథంతా చెప్పాను. అరికాలి మీద దెబ్బలు, 'రంగు మారిందక్కా', అన్నీ. చెబుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. పిన్ని మాత్రం, "అది ఆ పిల్ల గురించి చెప్పావు. నీ గురించి చెప్పు" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. అరగంట తర్వాత, ఏదో వేరే మాట మధ్యలో, ఒక సంగతి బయటికొచ్చింది. కోడింగ్‌లో మాకు డాక్టరు రాసిందే లెక్క. నర్సులు రాసిన నోట్సు నుంచి కోడు వేయకూడదు, పుండు ఏ దశలో ఉంది లాంటి కొన్ని విషయాలకు తప్ప. కానీ ఏ చార్టులోనైనా డాక్టరు రాసింది ఒక పేజీ ఉంటే నర్సులు రాసింది పది పేజీలుంటుంది. రెండింటికి పక్కకు తిప్పి పడుకోబెట్టాను, నాలుగింటికి నీళ్లు అడిగాడు, నాలుగుంపావుకు కూతురి గురించి అడిగాడు, ఐదున్నరకు ఒళ్లు చల్లబడింది. పనికిరాదని తెలిసీ నేను అవే చదివేదాన్ని. గంటకు ఇన్ని చార్టులని టార్గెట్ ఉంటుంది, నాది ఎప్పుడూ తగ్గేది. టీం లీడర్ రెండుసార్లు పిలిచి, అవెందుకు చదువుతున్నావని మందలించాడు కూడా.

"ఆఁ, ఇది కొంచెం నయం" అంది పిన్ని.

తర్వాత తన సంగతి చెప్పింది. చుట్టాలందరికీ తెలిసిన కథే, ఆమె నోట వినడం అదే మొదలు. కూతురికి ఎనిమిది నెలలప్పుడు ట్రైనింగులో చేరిందట. హాస్టల్. పదిహేను రోజులకోసారి ఇల్లు. మూడేళ్లూ పిల్ల నాయనమ్మ దగ్గరే పెరిగింది. నాయనమ్మను అమ్మా అనేది. పిన్నిని, ఊళ్లో వాళ్లందరూ ఎలా పిలిచేవాళ్లో అలాగే, సిస్టర్ అనేది. ఐదేళ్లొచ్చేదాకా అలాగే పిలిచిందట. పిన్ని నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. "దానికిప్పుడు నలభై దగ్గర పడుతోంది. పోట్లాట వస్తే ఇప్పటికీ సిస్టర్ అనే అంటుంది నన్ను" అంది.

ఆ ఏడాది వద్దనుకున్నాను. పిన్ని కథ ఒక్కటే కారణం కాదు. పిల్లాడికి అప్పటికి ఏడు నెలలే, ముందే పుట్టినందుకు ఆ ఏడు వారాలు తీసేస్తే ఐదున్నర. కంటి పరీక్షలు అయిపోయాయి కానీ మెడ నిలపడం, బోర్లా పడడం అన్నీ లెక్క చూసుకుంటూ నెలనెలా డాక్టరు దగ్గరికి తిరుగుతున్నాం. ఎన్‌ఐసీయూ బిల్లుకు ఇన్సూరెన్స్ కొంత ఇచ్చింది, మిగతాదానికి నా గాజులు తాకట్టుకు వెళ్లాయి. అవి విడిపించకుండా జీతం వదులుకోవడం తెలివితక్కువ పని. ప్రసూతి సెలవు అయిపోగానే ఆఫీసుకు వెళ్లాను. అప్పటికి సాఫ్ట్‌వేరే కోడ్లు వేసి పెడుతోంది, మేం తప్పులు పట్టాలి. పద్నాలుగు మంది ఉన్న టీం ఏడాదిలో తొమ్మిదికి వచ్చింది. ఎవరినీ తీసేశారని అనరు, వెళ్లినవాళ్ల చోట కొత్తవాళ్లు రారు, అంతే.

నెలకెంత అన్న మా ఆయన ప్రశ్నకు ఆ ఏడాదిలో తీరిగ్గా సమాధానం వెతికాను. అది అంత సంతోషపెట్టేది కాదు. నాకు అప్పుడు 42,000 వస్తోంది. ఎన్‌ఐసీయూ సిస్టర్‌తో ఫోన్ మాటలు కొనసాగుతూనే ఉన్నాయి. ఒకరోజు మొహమాటపడుతూ అడిగాను. నాలుగేళ్ల అనుభవానికి ఆమె జీతం 19,000. లెక్క ప్రకారం ఐసీయూలో ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలి, ఆమె చాలా రాత్రులు ముగ్గురు నలుగురు పిల్లల్ని చూసేది. 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల్లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు 20,000కు తక్కువ ఇవ్వొద్దని, రెండొందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫార్సు చేసింది. ఆ సంగతి చెబితే ఆమె, "మా హెచ్‌ఆర్ వాళ్లకు వాట్సాప్ చేయక్కా" అని పగలబడి నవ్వింది.

ప్రభుత్వ ఉద్యోగమైతే వేరే లోకం. స్కేలు 36,750 దగ్గర మొదలవుతుంది. స్టాఫ్ నర్సునే ఇప్పుడు నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు. 2024లో వచ్చిన నోటిఫికేషన్‌లో 46 ఏళ్ల వరకు అర్హత ఇచ్చారు కాబట్టి, ముప్పై నాలుగుకు కోర్సు పూర్తయినా నాకు పన్నెండేళ్లు ఉంటుంది. రాత పరీక్షకు 80 మార్కులు, మిగతా 20 ప్రభుత్వంలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సర్వీసుకు. ఆ ఇరవై కోసమే ఏళ్ల తరబడి తక్కువ జీతానికి పనిచేస్తూ నోటిఫికేషన్ కోసం కాచుకునేవాళ్లు ఎంతమందో. అంటే ముందు మూడేళ్లు జీతం సున్నా, తర్వాత కొన్నాళ్లు ఇప్పటి జీతంలో సగం, ఆ పైన అదృష్టం. మా ఆయన ఇదంతా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించారు. లోన్ ఫైలు అయితే రిజెక్ట్ చేసేవాణ్ని అన్నారు. చింపేయకుండా ఎందుకు అంటించారో మాత్రం చెప్పలేదు.

దారి చూపించింది అత్తమ్మ. ఆమె మొదటి నుంచీ వ్యతిరేకం. రాత్రి డ్యూటీలు, రోగుల మలమూత్రాలు, నలుగురేమంటారు అని కాదు. "ముప్పై ఏళ్లు మిషన్ కుట్టి వీణ్ని చదివించాను, నాకు పని తక్కువ కాదు. కానీ ఈ మోకాళ్లతో పాకే పిల్లాడి వెనక నేను పరిగెత్తలేను" అని. ఎవరూ నోరు విప్పి అడగని విషయం ఆమే తేల్చేసింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "మీ అమ్మకు మోకాళ్లు బాగానే ఉన్నాయిగా" అంది. అంటే ఖమ్మం. మా అమ్మానాన్నల ఇల్లు, పెరడు, కోళ్లు, పక్కింట్లో మా మేనమామ పిల్లలు. ఖమ్మంలో చదివితే నేను సాయంత్రానికి ఇంటికొస్తాను, ఉప్పల్‌లో 14,000 అద్దె ఇల్లు వదిలి మా ఆయన చిన్న పోర్షన్‌లోకి మారతారు, శనివారం సాయంత్రం రైలెక్కుతారు. ప్రభుత్వ స్కూల్లో సీటొస్తే స్టైఫండ్ కూడా ఉంటుంది, మొదటి ఏడాది నెలకు 5,000, తర్వాత ఆరు, ఏడు వేలు. పాల ప్యాకెట్లకు, డయపర్లకు సరిపోతుంది. అది రాకపోతే ఊళ్లోనే ప్రైవేటు, ఫీజుకు ఏడాది పాటు దాచినవి ఉన్నాయి. ఖమ్మంలో ఎక్కడా రాకపోతే చేరను. హాస్టల్ అంటే చేరను. ఈ రెండూ ఫ్రిజ్ మీది కాగితం కింద ఎర్ర పెన్నుతో రాశాను.

నాలుగేళ్ల బీఎస్సీ వదిలి మూడేళ్ల జీఎన్‌ఎం ఏంటి, అదేదో మూసేస్తారట కదా అని తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు భయపెట్టారు. మూసేస్తామని కొన్నేళ్ల కిందట నర్సింగ్ కౌన్సిల్ అన్నమాట నిజమే. అది జరగలేదు, అడ్మిషన్లు ఇంకా అవుతూనే ఉన్నాయి. నాకు ఆ ఒక్క ఏడాది తేడా చాలా పెద్దది. మూడేళ్లంటే పిల్లాడు ఒకటో తరగతిలో చేరేలోపు అయిపోతుంది.

2025 జూన్‌లో గాజులు విడిపించుకున్నాం. జూలైలో పది రోజులు సెలవు పెట్టి ఖమ్మం వెళ్లాను. ఆ పది రోజుల్లో ఒక పని చేయాలని మా ఆయనా నేనూ ముందే అనుకున్నాం. సోమవారం నుంచి శనివారం దాకా, కాలేజీ ఉన్నట్టే, పొద్దున ఏడింటికి నేను ఇంట్లోంచి వెళ్లిపోవాలి. సాయంత్రం ఐదున్నర దాకా తిరిగి రాకూడదు. మధ్యలో ఫోన్ చేసి వాడి గొంతు వినకూడదు. వాడు తట్టుకోగలడా లేదా చూడాలి. అప్పటికి వాడికి ఏడాది పది నెలలు. చెబితే మా నాన్న నవ్వాడు, "ఇదేం పరీక్షే, హాల్ టికెట్ కూడా ఇస్తావా" అని.

సోమవారం టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా, పాత ఇంటర్ బోటనీ, జువాలజీ పుస్తకాలు సంచిలో వేసుకుని బయల్దేరాను. వీధి మలుపు తిరిగేదాకా వాడి ఏడుపు వినిపిస్తూనే ఉంది. లకారం చెరువు కట్ట మీద ఒక బెంచీ చూసుకుని కూర్చున్నాను. ఎండెక్కాక లైబ్రరీకి వెళ్లాను. పుస్తకం తెరిచాను కానీ ఒక్క ముక్క ఎక్కలేదు. పదకొండింటికి అమ్మ మెసేజీ, 'పడుకున్నాడు'. ఏడ్చి ఏడ్చి పడుకున్నాడా, మామూలుగానేనా అని అడగాలనుంది. అడగలేదు. సాయంత్రం గేటు తీయగానే వచ్చి కాళ్లకు చుట్టుకుని, రాత్రి పడుకునేదాకా నా చంక దిగలేదు.

మంగళవారం అంతే. బుధవారం పాలు తాగలేదు, అన్నం తినలేదు, ఒళ్లు కాస్త వెచ్చబడింది. ఆ రాత్రి నేను మా ఆయనకు ఫోన్ చేసి ఇక వద్దులెండి అన్నాను. ఆయన కాసేపు ఆగి, "శనివారం దాకా అనుకున్నాం కదా, నేను వస్తాను, చూద్దాం" అన్నారు. గురువారం జ్వరం లేదు. నేను వెళ్లేటప్పుడు ఏడ్చాడు కానీ వీధి మలుపు దాకా వినిపించలేదు. మొదటిసారి లైబ్రరీలో గుండె, రక్తనాళాల పాఠం పూర్తిగా చదివాను. పదమూడేళ్ల కిందట నేను గీసిన బొమ్మలు మార్జిన్లలో అలాగే ఉన్నాయి.

శనివారం సాయంత్రం ఐదున్నరకు గేటు తీశాను. అప్పటికే మా ఆయన వచ్చి, అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నారు. వాడు పెరట్లో మా అమ్మ పక్కన గొంతుక్కూర్చుని కోళ్లకు నూకలు చల్లుతున్నాడు. గుప్పెడు చల్లడం, రెండు గింజలు నోట్లో వేసుకోవడం. గేటు చప్పుడుకు తల తిప్పి నన్ను చూశాడు. ఒకసారి నవ్వాడు. మళ్లీ కోళ్ల వైపు తిరిగాడు.

నేను సంచి భుజం మీదే ఉంచుకుని అక్కడే నిలబడిపోయాను. "రారా" అని పిలిస్తే వచ్చేవాడేమో. పిలవలేదు. మా ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, "నోటీస్ పీరియడ్ ఎంత, రెండు నెలలా?" అని అడిగారు.